వేసవిలో గేదెలు: కొండకు తోలాలా, పాకలో కట్టాలా?

ఎండలు ముదిరే కొద్దీ మన పాల కేంద్రాల వద్ద వరుస పొట్టిదవుతుంది. మాఘమాసంలో క్యానుతో వచ్చిన సభ్యుడు వైశాఖంలో చెంబుతో వస్తాడు. ఇది ఏటా జరిగేదే గనుక ఎవరూ ఆశ్చర్యపోరు. ‘ఎండాకాలం కదండీ, అంతే’ అని సరిపెట్టుకుంటారు. అయితే ఈ తగ్గుదలలో ఎండ వలన పోయేది ఎంత, మన చేతులారా పోగొట్టుకునేది ఎంత అన్నది విడదీసి చూడవలసిన విషయం.

కొండలకు దగ్గరగా ఉన్న కొన్ని సంఘాల సభ్యులు ఈమధ్య మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. డెల్టా కాలువలు కట్టివేశాక గట్ల మీద గడ్డి మాడిపోతుంది. చేలలో మేపడానికి దుబ్బులు కూడా మిగలవు. అటువంటప్పుడు గేదెలను కొండ మేపుకు తోలితే దాణా ఖర్చు కలిసి వస్తుంది కదా, చలిదేశాలలో అదే పని చేస్తారట కదా అని వారి ప్రశ్న. సబబైన ప్రశ్నే. కూర్చున్నచోట జవాబు చెప్పేకన్నా చూసి చెప్పడం మేలనుకున్నాం. మే నెల రెండవ వారంలో ఒక సోమవారం తెల్లవారుజామున విజయవాడ భవానీపురం నుండి బయలుదేరి, కొండపల్లి కొండల అంచున ఒక కుటుంబం నడుపుకుంటున్న పాడిని చూడబోయాం. ఒక పగలు, ఒక రాత్రి అక్కడే ఉన్నాం.

ఆ కొండలు వేరు, ఈ కొండలు వేరు

ముందుగా చలిదేశాల సంగతి చెప్పుకుందాం. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాల కింది లోయలలో ఉండే రైతులు జూన్ నెలలో ఆవులను పైకి తోలి, సెప్టెంబరులో చలి ముదరక ముందే కిందికి దింపుతారు. ఇంట్లో కొందరు ఆ కాలమంతా కొండ మీద గుడిసెలోనే ఉండి, పాలు పితికి చీజు తయారుచేస్తారు. తక్కినవారు కింద లోయలో గడ్డి కోసి, ఎండబెట్టి, చలికాలానికి దాచుతారు. పశువు కింద ఉంటే ఆ గడ్డి అప్పుడే తినేస్తుంది. దానిని పైకి పంపితేనే మంచు పడే రోజులకు మేత మిగులుతుంది. కనుక అక్కడి కొండ మేపులో సగం రహస్యం కొండ మీద ఉంటే, మిగతా సగం కింది గడ్డివామిలో ఉంది. ఆస్ట్రియా, గ్రీసు, ఇటలీ దేశాలలోని ఈ మందల వలసను యునెస్కో 2019లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

మన దేశంలో వన గుజ్జర్లు గేదెలనే ఇలా తోలుతారు. చలికాలమంతా శివాలిక్ కొండల అడవులలో ఉండి, ఎండలు మొదలుకాగానే హిమాలయాల పైనున్న బుగ్యాలు అనే పచ్చిక బయళ్ళకు మందలతో నడిచిపోతారు. మన తెలుగునేల మీద నల్లమలలో, అమ్రాబాదు ప్రాంతపు లంబాడా కుటుంబాలు పొడ తూర్పు పశువులను అడవి మేపు మీదనే పెంచుతాయి. ఒంటి మీద పొడలు ఉండే ఆ జాతి ఎడ్లు కష్టానికి పేరుపడినవి. అక్కడి ఆవు తన దూడకు సరిపడా పాలిచ్చినా చాలును, ఎందుకంటే ఆ కుటుంబానికి రాబడి ఎక్కువగా కోడెల అమ్మకం మీద.

వీటిని బట్టి తేలేదేమిటంటే, పశువును తోలేది కొండ కోసం కాదు. కొండ మీద దొరికే చల్లదనం, నీరు, పచ్చిక కోసం. ఆ మూడూ లేని కాలంలో కొండ ఉత్త రాళ్ళగుట్ట. మరి మన కొండల మీద మే నెలలో ఏమున్నది? దానినే చూడబోయాం.

పాడి, కుటుంబం

ఈ కుటుంబం మొదట భవానీపురంలోనే కృష్ణ ఒడ్డున గేదెలను కట్టేది. ఇంటి పెద్ద, మేము తాతగారని పిలిచినాయన, చిన్నతనంలో మధ్యాహ్నం గేదెలను ఏటిలోకి దింపి, వాటి వీపుల మీదనే కూర్చునేవారట. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది మొదలు ఎగువన వేసవిలో కూడా నీరు నిలిచి, గేదెలకు ఏ లోటూ ఉండేది కాదట. తర్వాత ఊరు పెరిగింది. ఒడ్డున ఇళ్ళు లేచాయి. 2016 పుష్కరాల నాటికి ఘాట్లు విస్తరించాయి. అంతకు ముందే వీరు పాకను కొండ పాదాన ఉన్న సొంత చెక్కలోకి మార్చుకున్నారు. ‘అప్పుడు గేదెలు నీళ్ళ దగ్గరకు పోయేవి. ఇప్పుడు నీళ్ళు గేదెల దగ్గరకు రావాలి. ఆ మార్పు మా మగవాళ్ళకు ఇంకా అలవాటు కాలేదు’ అన్నారు నాయనమ్మగారు. ఆ మాటలో ఈ వ్యాసమంతా ఉన్నది.

గొడ్లు మొత్తం పదకొండు. అన్నీ ముర్రా సంకరానివే. పాలిచ్చేవి అయిదు, చూడితో ఒట్టిపోయినవి రెండు, పడ్డలు మూడు. దూడలు వేరు. పదకొండవది నుదుట తెల్లమచ్చ ఉన్న ‘చుక్క’. మూడు ఈతలు ఈనిన మంచి గేదె. కాని పాలు తగ్గిపోయాయి, నెలలు గడుస్తున్నా ఎదకు రాలేదు. తాతగారి లెక్కలో అది గొడ్డుపోయింది. గురువారం బేరగాడు వస్తానన్నాడు. మనవరాలి కాలేజీ ఫీజుకు ఆ డబ్బు అనుకుంటున్నారు.

పాలు పితికేది, దాణా కలిపేది, పాక కడిగేది కోడలుగారు. పాలు సంఘానికి చేర్చేది కొడుకు. గొడ్లను మేపేది తాతగారు. మనవరాలు పూటపూటా పాలు కొలిచి ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. ఈ నోటుపుస్తకం సంగతి మళ్ళీ చెబుతాం.

కొండ మీద మేము చూసినది

ఏడు గంటలకు తాతగారు పాలగేదెలలో రెంటిని, పడ్డలను, చుక్కను తోలుకుని బయలుదేరారు. కోడలుగారు గుమ్మంలో నిలబడి, ‘మామయ్యగారూ, పాలిచ్చేవాటిని వదిలేయండి, పడ్డలను మాత్రం తీసుకువెళ్ళండి’ అన్నారు. ‘దాణా బస్తా ధర చూశావా అమ్మాయ్’ అని ఆయన నడక సాగించారు. మేము వెంట నడిచాం.

కొండ వాలు మీద ఆకు రాల్చిన చెట్లు, రాళ్ళు, ఎండి తెల్లబడిన బోదగడ్డి తప్ప మరొకటి లేదు. ఎండిన కొండగడ్డిలో మాంసకృత్తులు నామమాత్రం. ఇంటి దగ్గరి వరిగడ్డికన్నా అది ఏమాత్రం మెరుగు కాదు. పైగా దానికోసం నడవాలి. గేదెలు గంటసేపు అటూ ఇటూ మూతిపెట్టి చూశాయి. తొమ్మిది దాటేసరికి రాళ్ళు వేడెక్కాయి. ఉన్న ఒక్క చింతచెట్టు కింద అన్నీ ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడి, నోళ్ళు తెరిచి, నురగ కారుస్తూ రొప్పసాగాయి. అక్కడ నీటిచుక్క లేదు. మేసినది గంట, నిలబడినది రెండు గంటలు. పదకొండున్నరకు ఇల్లు చేరగానే అవి తొట్టి మీద పడ్డ తీరు చూస్తే మాకు మాట రాలేదు.

తాతగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉన్నమాట చెప్పారు: ‘మా నాన్న కాలంలో ఈ కొండను ఆషాఢం నుంచి కార్తీకం దాకా మేపేవాళ్ళం. వైశాఖంలో ఎవరూ తోలలేదు బాబూ. దాణా ధర చూసి ఈ రెండేళ్ళుగా నేనే మొదలుపెట్టాను.’ అంటే పాతకాలపు పద్ధతి అని మనం అనుకుంటున్నది పాతకాలపుది కాదన్నమాట.

మనవరాలి నోటుపుస్తకం తెప్పించి చూశాం. ఏప్రిల్ మొదట్లో దాదాపు సమానంగా ఇస్తున్న గేదెలలో, ఇంటి దగ్గర ఉన్న మూడూ కొద్దిగా తగ్గాయి. కొండకు వెళ్ళిన రెండూ పూటకు లీటరుకు పైగా తగ్గాయి. దాణాలో మిగిలిందనుకున్నది పాలలో పోయింది, పైన మరికొంత పోయింది. తాతగారు ఆ పుట చాలాసేపు చూసి, ఏమీ అనకుండా మూసి ఇచ్చారు.

గేదె ఒంటి తీరు

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలి. గేదె చర్మం నలుపు. నలుపు ఎండను పీల్చుకుంటుంది. ఒంటి మీద వెంట్రుకలు పలుచన గనుక అడ్డు లేదు. ఆవుకున్నన్ని చెమట గ్రంథులు గేదెకు లేవు. కనుక లోపలి వేడిని చెమట రూపంలో బయటకు పంపలేదు. నీటిలో పడుకోవడం, బురద పూసుకోవడం గేదెకు బద్ధకం కాదు, అది దానికి ప్రకృతి చూపిన వైద్యం. నీరు దొరకనప్పుడు అది రొప్పుతుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే మేత మానేస్తుంది. ఎందుకంటే తిన్న మేత, ముఖ్యంగా ఎండుగడ్డి, కడుపులో అరిగేటప్పుడు వేడి పుడుతుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. గేదెపాలలో నూటికి సుమారు 83 వంతులు నీరే అన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. తాగని నీరు పొదుగులోకి ఎక్కడి నుండి వస్తుంది?

కొండను పాకలోకి తేవడం

హిమాలయాల కొండ గేదెకు ఇచ్చే చల్లదనాన్ని, నీటిని, పచ్చికను మనం పాకలో సమకూర్చగలమా? కోడలుగారు ఇంటి దగ్గరి మూడు గేదెలకు చేస్తున్నది అదే. ఆమె పద్ధతులను, వాటికి మేము చేర్చదగినవాటిని కింద ఇస్తున్నాం.

నీడ: వీరిది తాటాకు పాక. తాటాకు, రెల్లు కప్పులు చల్లగా ఉంటాయి. రేకుల పాకలు ఉన్నవారు రేకుల మీద వరిగడ్డి పరిచి, మధ్యాహ్నం నీళ్ళు చల్లాలి. పడమటి వైపు గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి. అయితే గాలిని పూర్తిగా మూయకూడదు. తడి ఉండి గాలి లేకపోతే ఉక్క పెరిగి మేలుకన్నా కీడే ఎక్కువ. కొత్తగా పాక వేసేవారు పొడవు తూర్పు పడమరలుగా ఉండేట్లు వేసుకుంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది. వేప, గానుగ మొక్కలు ఈ ఏడు నాటితే నాలుగైదేళ్ళలో నీడనిస్తాయి.

నీరు: పాలిచ్చే గేదెకు వేసవిలో రోజుకు సుమారు 70, 80 లీటర్ల తాగునీరు కావాలి. రెండుపూటలా కుడితి పెట్టి ఊరుకుంటే చాలదు. వీరి తొట్టి వేపచెట్టు నీడన ఉంది, ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఎండలో కాగిన నీటిని గేదె మూతిపెట్టి వదిలేస్తుంది. ఇక ఒంటి మీద నీళ్ళు: ఉదయం పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి కోడలుగారు గొట్టంతో తడుపుతారు. ఆ నీరు వృథా పోదు. పాక వెనుక కాలువ తీసి నేపియర్ గడ్డి మడికి మళ్ళించారు. గేదెను కడిగిన నీరే దాని మేతను పెంచుతోంది.

చెరువు సౌకర్యం ఉన్నవారు గేదెలను పడుకోనివ్వవచ్చు. అయితే నత్తలుండే మురుగునీటి వలన కార్జపు జలగ సోకుతుంది. పాలు పితికిన వెంటనే చనుమొనల రంధ్రాలు మూసుకోవు. ఆ అరగంటా గేదెను బురదలో పడుకోనిస్తే పొదుగువాపు వస్తుంది. పితికాక మేత వేసి నిలబెట్టాలి.

మేత: చల్లటి వేళలలోనే మేత. దాణా తెల్లవారుజామున, సాయంత్రం. వరిగడ్డి రాత్రికి. పగటిపూట పచ్చిమేత ముక్కలు చేసి కొద్దికొద్దిగా. రోజూ దాణాలో ఖనిజలవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. డెల్టాలోని బంధువుల చేలలో వరికోతకు ముందు చల్లిన పిల్లిపెసరను మార్చిలో కోయించి, ఎండబెట్టి తెచ్చుకున్నారు. పప్పుజాతి మేత గనుక వరిగడ్డిలో లేని మాంసకృత్తులు ఇందులో ఉంటాయి. ఆల్ప్స్ రైతు చలికాలానికి దాచినట్లు మన రైతు వేసవికి దాచాలి. మనకు కరువుకాలం అది.

పచ్చిమేత బొత్తిగా లేనివారు వరిగడ్డిని యూరియాతో మాగవేసుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, మొదట కొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్టు పశువుకు అందితే ప్రాణాపాయం.

ఒక హెచ్చరిక: నీరందక వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ళ నుండి లేచిన పిలకలలో విషం ఉంటుంది. ఆకలితో తిరిగివచ్చే పశువు దారిలో నాలుగు పరకలు మేసినా నిమిషాలలో పడిపోవచ్చు. జొన్నను పూతకు వచ్చాకనే, నీరు పెట్టి కోయాలి. పశువు రొప్పుతూ, తూలుతూ కనబడితే ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి.

రాత్రి జరిగినది

సాయంత్రం చుక్క ప్రస్తావన వచ్చింది. ‘అది ఎదకు రావడం లేదని మామయ్యగారు అంటారు. పగలు చూస్తే ఎలా తెలుస్తుంది? నాకు రాత్రి చూసే ఓపిక ఉండదు’ అన్నారు కోడలుగారు. మేము ఉన్నాం కదా, చూద్దామన్నాం.

గేదెలకు వేసవిలో వచ్చేది మూగ ఎద. అరుపులు ఉండవు. లక్షణాలు అర్ధరాత్రి, తెల్లవారుజామున చల్లటి వేళ కనిపించి, ఎండెక్కేసరికి అణగిపోతాయి. ప్రతి 21 రోజులకు ఒకసారి వచ్చి ఒకరోజులోపే వెళ్ళిపోతుంది. రైతు పగలు చూసి, లేదనుకుంటాడు.

మంచాలు పాక దగ్గరే వేయించుకున్నాం. రాత్రి రెండు గంటలకు మనవరాలు టార్చిలైటుతో వచ్చి మమ్మల్ని లేపింది. చుక్క పడుకోకుండా అటూ ఇటూ కదులుతోంది. మాటిమాటికి మూత్రం పోస్తోంది. మానం నుండి గాజువంటి తీగ వేలాడుతోంది. తోక పక్కకు పెడుతోంది. కోడలుగారు వచ్చి చూసి, తాతగారిని లేపారు. ఆయన గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ‘ఎన్ని రాత్రులు ఇలా పోయాయో’ అన్నారు.

తెల్లవారాక చూస్తే, ముందురోజు లాగానే చుక్క మామూలుగా నెమరు వేస్తూ ఉంది. చూడనివారికి నమ్మకం కలగదు. రాత్రి చివరిజామున ఎద కనిపిస్తే అదే రోజు సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించడం పద్ధతి. మంగళవారం పగలంతా చుక్కను నీడన కట్టి, మూడుసార్లు తడిపి, సాయంత్రం చల్లబడ్డాక కృత్రిమ గర్భధారణ చేయించారు. ఆ తర్వాత కూడా ఎండకు వదలలేదు. కట్టించిన వెంటనే ఒంట్లో వేడి పెరిగితే చూలు నిలవడం కష్టం.

గురువారం వచ్చిన బేరగాడికి తాతగారే మజ్జిగ ఇచ్చి సాగనంపారని తర్వాత కబురందింది. ఫీజుకు సంఘం నుండి రావలసిన పాలడబ్బు, కొంత చేబదులు సర్దుకున్నారట. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఇరవై మూడు రోజులు గడిచాయి. చుక్క మళ్ళీ ఎదకు వచ్చిన గుర్తులు లేవు. అయినా మూగ ఎద కాలం గనుక దీనిని రూఢిగా చెప్పలేం. రెండు నెలలు నిండాక పశువైద్యుడు పరీక్షించి చెప్పినదే నమ్మకం.

చూలు నిలిస్తే దాని ఫలితం ఏమిటో చూడండి. గేదె చూడికాలం సుమారు 310 రోజులు. మే నెలలో కట్టిన గేదె మరుసటి మార్చిలో ఈనుతుంది. అంటే పాలు కొరతపడే వచ్చే వేసవికి ఆ ఇంట నిండుపాలు ఉంటాయి. ఈ వేసవిలో ఎదను కనిపెట్టనివాడు వచ్చే వేసవి పాలను ఇప్పుడే పోగొట్టుకుంటున్నాడు.

సంఘాలకు మా మనవి

ఇక అసలు ప్రశ్నకు జవాబు. పాలిచ్చే గేదెలను, నిండుచూడి గేదెలను, కట్టించవలసిన గేదెలను వేసవిలో కొండకు తోలవద్దు. పడ్డలను, నాటు ఆవులను తోలక తప్పనివారు తెల్లవారి రెండు గంటలు, పొద్దువాలాక రెండు గంటలు, దారిలో నీరున్నచోటనే మేపాలి. రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి ఉండాలి. తొలకరి పడి కొండ పచ్చబడ్డాక మేపు సంగతి వేరు. దానికి ముందు గొంతువాపు టీకా మరువకండి.

కార్యదర్శులు పూటపూటా పాల రాక తగ్గుతున్న సభ్యుల పేర్లు చూసి, వారి ఇంటికి ఒకసారి వెళ్ళి తొట్టి ఎక్కడుందో, నీడ ఎలా ఉందో చూడగలరు. పాలు తెచ్చే క్యాన్లకు తడిగోనె చుట్టించండి. పితికిన రెండు గంటలలో కేంద్రానికి చేరేట్లు చూడండి. ఎదకు రాని గేదెల జాబితా తయారుచేసి, అమ్మకముందే పశువైద్యునికి చూపించే ఏర్పాటు చేయండి. గొడ్డుపోయిందని మనం తోలేసిన గేదెలలో ఎన్ని రాత్రిపూట మనను పిలిచి పిలిచి విసిగినవో ఎవరికి ఎరుక?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోలుకు కదలలేని కష్టం. గేదెకు కట్టుకొయ్య కష్టం. అది నీటి దగ్గరకు పోలేదు గనుక నీటిని దాని దగ్గరకు చేర్చడం మన బాధ్యత. ఈ విషయాలను వచ్చే సర్వసభ్య సమావేశంలో, ముఖ్యంగా ఇళ్ళలో పాడి చూసుకునే స్త్రీలు వచ్చినప్పుడు, చదివి వినిపించవలసిందిగా అన్ని సంఘాలనూ కోరుతున్నాం.